పేషెంట్ మానిటరింగ్, బయోమెడికల్ పరిశోధనలో కంప్యూటర్ పద్ధతులు: తరచుగా అడిగే ప్రశ్నలు

బయోమెడికల్ సిగ్నళ్ల మీద కొత్తగా పని మొదలుపెట్టిన విద్యార్థులు, ఐసీయూలో డ్యూటీ చేసే నర్సులు, ప్రోగ్రామింగ్ బాగా వచ్చినా వైద్యం కొత్తయిన ఇంజనీర్లు పదేపదే అడిగే ప్రశ్నలివి. జవాబులన్నిటికీ మూలం ఒక్కటే: తెర మీది అంకెను నమ్మే ముందు అది ఎక్కడి నుంచి, ఎన్ని లెక్కలు దాటి వచ్చిందో తెలుసుకోవాలి. కొన్ని జవాబులు పొడవుగా ఉంటాయి, ఎందుకంటే అక్కడ పొరపాటు జరిగితే నష్టపోయేది మంచం మీదున్న మనిషి.

మానిటర్ మీద కనిపించే అంకెలు కొలిచినవా, లెక్కగట్టినవా?

దాదాపు అన్నీ లెక్కగట్టినవే. ఛాతీకి అంటించిన ఎలక్ట్రోడ్ల మధ్య ఉండే వోల్టేజీ తేడా ఒక మిల్లీవోల్టుకు అటూ ఇటూ. యంత్రానికి అందేది అంతే. 'నిమిషానికి 82' అనేది ఆ గీతలో శిఖరాలను వెతికి, వాటి మధ్య ఎడం చూసి, కొన్ని స్పందనల సగటు తీసి ప్రోగ్రాం చెప్పిన జవాబు.

శ్వాస రేటు ఇంకా పరోక్షం. చాలా మానిటర్లు అవే ఈసీజీ ఎలక్ట్రోడ్ల గుండా అతి స్వల్పమైన కరెంటు పంపి, ఊపిరి తీసి వదిలినప్పుడు ఛాతీ విద్యుత్ నిరోధం ఎలా మారుతోందో చూస్తాయి. అంటే అవి చూసేది ఛాతీ కదలికను. గొంతు దగ్గర దారి మూసుకుపోయి గాలి లోపలికి వెళ్లకపోయినా, మనిషి ఊపిరి కోసం పెనుగులాడుతూ ఛాతీ కదిలిస్తున్నంతసేపూ మానిటర్ శ్వాసను లెక్కపెడుతూనే ఉంటుంది. ఈ ఒక్క సంగతి తెలిసిన నర్సు తెరను చూసే తీరు మారిపోతుంది. అంకె అనుమానంగా ఉంటే ముందు దాని పక్కనున్న వేవ్‌ఫాం, అంటే సిగ్నల్ గీత చూడండి, ఆ తర్వాత పేషెంట్‌ను చూడండి. పేషెంట్ కుదురుగా లేకపోతే ఈ వరుస కూడా అక్కర్లేదు, నేరుగా మంచం దగ్గరికే వెళ్లాలి.

ఈసీజీలో గుండె స్పందనను ప్రోగ్రాం ఎలా గుర్తుపడుతుంది?

1985లో జియాపు పాన్, విల్లిస్ టాంప్‌కిన్స్ ప్రచురించిన పద్ధతిని ఈ రంగంలోకి వచ్చే ప్రతి ఒక్కరూ ఒకసారి చేత్తో రాసి చూడాలి. ఈసీజీ గీతలో నిట్టనిలువుగా లేచి పడే భాగాన్ని క్యూఆర్‌ఎస్ అంటారు. దాన్ని పట్టుకోవడమే పని. ముందు సుమారు 5 నుంచి 15 హెర్ట్జ్ మధ్య ఉన్న భాగాన్ని మాత్రమే ఉంచుతారు. దాంతో కండరాల వణుకు, గీత మెల్లగా పైకీ కిందికీ తేలిపోవడం చాలావరకు తగ్గిపోతాయి. తర్వాత వాలు ఎంత నిటారుగా ఉందో లెక్కిస్తారు. దాన్ని వర్గం చేస్తారు, దాంతో చిన్నవి అణిగిపోయి పెద్దవి ఇంకా పెద్దవవుతాయి. ఆ వచ్చినదాన్ని 150 మిల్లీసెకన్ల కిటికీలో సగటు తీస్తే ఒక్కో స్పందనకు ఒక్కో గుట్ట మిగులుతుంది. ఎంత ఎత్తు దాటితే స్పందనగా లెక్కించాలన్న హద్దు సిగ్నల్‌ను బట్టి తనంతట తానే మారుతూ ఉంటుంది.

ఇంతవరకూ గణితం. నాకు ఈ పద్ధతిలో బాగా నచ్చేది దీని మీద వాళ్లు పెట్టిన నియమాలు. ఒక స్పందన దొరికాక 200 మిల్లీసెకన్ల పాటు ఇంకోటి రాదు, గుండె కండరం అంత తొందరగా మళ్లీ స్పందించలేదు కాబట్టి. 360 మిల్లీసెకన్లలోపు ఏదైనా శిఖరం వస్తే అది టీ వేవ్ (క్యూఆర్‌ఎస్ తర్వాత వచ్చే గుండ్రటి అల) కావచ్చు, దాని వాలు చూసి తేల్చాలి. సగటు ఎడానికి 166 శాతం సమయం గడిచినా ఏమీ దొరక్కపోతే, హద్దు తగ్గించి వెనక్కి వెళ్లి వెతకాలి. ఇవన్నీ గుండె శరీరధర్మం తెలిసినవాళ్లు పెట్టగలిగే నియమాలు. ఇవి తీసేస్తే ప్రోగ్రాం నడుస్తుంది, కానీ టీ వేవ్‌ను కూడా స్పందనగా లెక్కపెట్టి 70 ఉన్న గుండె వేగాన్ని 140 అని చూపిస్తుంది.

ఫిల్టర్ పెడితే సిగ్నల్ శుభ్రపడుతుంది కదా, నష్టం ఏముంది?

ఫిల్టర్‌కు నాయిస్ ఏదో, జబ్బు ఏదో తెలియదు. ఫ్రీక్వెన్సీ ఒక్కటే తెలుసు. రోగనిర్ధారణ కోసం తీసే ఈసీజీలో సాధారణంగా 0.05 నుంచి 150 హెర్ట్జ్ వరకు ఉంచుతారు. మానిటర్ మోడ్‌లో గీత నిలకడగా కనపడాలని 0.5 నుంచి 40 హెర్ట్జ్ వరకే ఉంచడం మామూలు. లయ చూడటానికి అది చాలు. కానీ కింది హద్దు 0.5కి పెంచితే ఎస్టీ భాగం (క్యూఆర్‌ఎస్‌కు, టీ వేవ్‌కు మధ్య ఉండే గీత) ఆకారం మారిపోవచ్చు. అదే మనిషికి, అదే నిమిషంలో, మానిటర్‌లో ఎస్టీ దిగినట్టు కనిపించి, 12 లీడ్ల ఈసీజీ తీస్తే మామూలుగా ఉండటానికి ఇదొక కారణం. గుండెపోటును అనుమానించేది ఆ భాగాన్ని చూసే కాబట్టి ఇది చిన్న విషయం కాదు. అందుకే ఈసీజీ కాగితం అడుగున ఫిల్టర్ సెట్టింగులు అచ్చు వేస్తారు. చదివే అలవాటు చేసుకోండి.

ప్రోగ్రామర్లకు ఇంకో మాట. ల్యాబ్‌లో కూర్చుని రికార్డింగ్ మీద పనిచేసేటప్పుడు సిగ్నల్‌ను ముందుకీ వెనక్కీ రెండుసార్లు ఫిల్టర్ చేస్తే ఫేజ్ తేడా రాదు, అంటే శిఖరాలు సమయంలో పక్కకు జరగవు, గీత అందంగా వస్తుంది. మంచం పక్కన యంత్రానికి ఆ వీలు లేదు, రాబోయే శాంపిల్స్ దాని చేతిలో ఉండవు. ల్యాబ్‌లో అలా శుభ్రం చేసిన డేటాతో అల్గారిథం తయారుచేసి, అదే మానిటర్‌లో పనిచేస్తుందనుకుంటే మొదటి రోజే దెబ్బతింటుంది.

శాంపిలింగ్ ఎంత ఉండాలి?

అంటే సిగ్నల్‌ను సెకనుకు ఎన్నిసార్లు కొలవాలి? పనిని బట్టి. గుండె వేగం కావాలంటే 125 హెర్ట్జ్ సరిపోతుంది. ఈసీజీ ఆకారం చదవాలంటే 500. గుండె వేగంలో సూక్ష్మమైన హెచ్చుతగ్గులు కొలిచే అధ్యయనాలకు కనీసం 250 ఉంటే మంచిది. 100 హెర్ట్జ్ దగ్గర ఒక్కో శాంపిల్ మధ్య ఎడం 10 మిల్లీసెకన్లు. మీరు కొలవాలనుకునే తేడాయే 15, 20 మిల్లీసెకన్లయితే ఆ స్కేలుతో అది అందదు.

పల్స్ ఆక్సీమీటర్ ఎందుకు ఆలస్యంగా చూపిస్తుంది? చర్మం రంగుతో తేడా వస్తుందన్నది నిజమేనా?

రెండూ నిజమే. జపాన్ ఇంజనీర్ తకువో అవోయాగి 1970ల మొదట్లో కనిపెట్టిన సూత్రం మీదే ఇప్పటి యంత్రాలన్నీ నడుస్తున్నాయి. సుమారు 660 నానోమీటర్ల ఎర్రకాంతి, 940 దగ్గర ఇన్‌ఫ్రారెడ్ కాంతి వేలి గుండా పంపుతారు. ఆక్సిజన్ ఉన్న హిమోగ్లోబిన్, లేని హిమోగ్లోబిన్ ఈ రెండిటినీ వేర్వేరుగా పీల్చుకుంటాయి. కండరం, ఎముక, సిరల్లోని రక్తం పీల్చేది దాదాపు స్థిరంగా ఉంటుంది. నాడితో పాటు హెచ్చుతగ్గులయ్యేది ధమనుల్లోని రక్తం ఒక్కటే. ఆ చిన్న అలను రెండు కాంతుల్లోనూ కొలిచి నిష్పత్తి తీస్తారు.

ఆ నిష్పత్తి నుంచి శాతానికి వెళ్లే దారి మాత్రం సూత్రంతో వచ్చింది కాదు. ఆరోగ్యవంతులైన వలంటీర్లకు ఆక్సిజన్ తగ్గించి, ధమని రక్తం తీసి పరీక్షించి, రెండిటినీ పోల్చి పట్టిక తయారుచేస్తారు. వలంటీర్లను ప్రమాదకరంగా తక్కువ ఆక్సిజన్‌లో ఉంచలేరు కాబట్టి 70 శాతం కంటే కిందికి వెళ్లిన అంకెల మీద పెద్దగా ఆధారపడకూడదు. వలంటీర్లు ఎవరు అన్నది కూడా పట్టికలోకి చేరిపోతుంది. 2020లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన ఒక విశ్లేషణ ఆక్సీమీటర్ 92 నుంచి 96 శాతం చూపిస్తున్న సమయాలను తీసుకుని రక్తపరీక్షతో పోల్చింది. నిజంగా 88 కంటే తక్కువ ఉన్న సందర్భాలు నల్లజాతి పేషెంట్లలో 11.7 శాతం, తెల్లజాతివారిలో 3.6 శాతం. ముదురు చర్మం ఉన్న మనిషికి 93 కనిపిస్తోంది, ఆయాసం మాత్రం ఉంది అంటే అంకెను పట్టుకుని కూర్చోకూడదు, రక్తం తీసి చూడాలి.

ఆలస్యం సంగతికొస్తే, అంకె కుదురుగా ఉండాలని యంత్రం కొన్ని సెకన్ల సగటు చూపిస్తుంది. ఈ సగటు కాలం చాలా యంత్రాల్లో మార్చుకోవచ్చు. ఎక్కువ పెడితే అలారాలు తగ్గుతాయి, కానీ కాసేపే ఉండే నిజమైన పతనాలు కూడా సగటులో కలిసిపోతాయి. పరిశోధనలో రెండు ఆస్పత్రుల డేటా కలిపేటప్పుడు ఈ సెట్టింగ్ ఒకటేనా అని అడిగేవాళ్లు చాలా తక్కువ. దయచేసి అడగండి.

ఒకే మనిషికి రెండు బీపీ యంత్రాలు రెండు రకాలుగా చూపిస్తే ఏది నిజం?

ఆటోమేటిక్ యంత్రాలు పట్టీలో గాలి తగ్గేకొద్దీ వచ్చే ప్రకంపనలను చూస్తాయి. ప్రకంపన అన్నిటికంటే ఎక్కువగా ఉన్నచోటు సగటు ధమని పీడనానికి దగ్గరగా ఉంటుంది. పైదీ కిందిదీ అక్కడి నుంచి ఫార్ములాతో లెక్కగడతారు, ఆ ఫార్ములా ఒక్కో కంపెనీకి ఒక్కోటి, బయటపెట్టరు. కాబట్టి తేడా రావడం సహజం. పట్టీ సైజు చేతికి సరిపోకపోతే తేడా ఇంకా పెరుగుతుంది. ఒక అధ్యయనం మధ్యలో యంత్రం మోడల్ మార్చకండి. తప్పనిసరిగా మార్చాల్సి వస్తే ఏ రోజు మార్చారో డేటాలో ఒక కాలమ్‌గా రాయండి.

అలారాలు ఎందుకు ఇన్ని తప్పుగా మోగుతాయి? తగ్గించే మార్గం ఉందా?

ఈ పేజీలో అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ఇదేనని నా ఉద్దేశం.

శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం ఆస్పత్రిలో 77 పడకలున్న 5 ఐసీయూల అలారాలన్నిటినీ 31 రోజుల పాటు రికార్డు చేసి 2014లో ఫలితాలు ప్రచురించారు. మొత్తం 25 లక్షలకు పైగా అలారాలు. అందులో చాలావరకు తెర మీద కనిపించి పోయేవే, చెవికి వినిపించినవే లెక్కేసినా పడకకు రోజుకు 187. గుండె లయకు సంబంధించిన 12,671 అలారాలను నిపుణులు ఒక్కొక్కటిగా పరిశీలిస్తే 88.8 శాతం తప్పుడువి. అలాంటి చోట పనిచేసే మనిషి చెవికి అలారం గోడగడియారం టిక్ టిక్‌లా అయిపోతుంది. దాన్ని నిర్లక్ష్యం అనడం అన్యాయం. పదిలో తొమ్మిదిసార్లు అబద్ధం చెప్పే యంత్రాన్ని నమ్మకపోవడం ఏ మెదడైనా చేసే పనే. తప్పు యంత్రాన్ని అలా తయారుచేసి, అలా అమర్చిన మనది.

మరి ఎందుకు ఇన్ని? ఒక్కో అలారానికి విడిగా ఒక హద్దు పెట్టి, ఏదీ తప్పిపోకూడదని హద్దును బిగించడం మొదటి కారణం. ఆక్సిజన్ హద్దు 90 అనుకోండి. ఊపిరితిత్తుల జబ్బు ఉన్న పేషెంట్‌కు మామూలుగానే 89, 90, 91 మధ్య ఊగుతూ ఉంటుంది. దిగిన ప్రతిసారీ మోత. హద్దు 88కి దించి, కొన్ని సెకన్లు నిలిస్తేనే మోగమంటే ఆ గోల చాలావరకు ఆగుతుంది. ఏ పేషెంట్‌కు ఏ హద్దో డాక్టర్, నర్సు కలిసి నిర్ణయించాలి. యూనిట్ మొత్తానికి ఒకే డిఫాల్ట్ వదిలేస్తే సాఫ్ట్‌వేర్ ఎంత మంచిదైనా లాభం లేదు. ఎండిపోయిన ఎలక్ట్రోడ్లు ఇంకో కారణం. చర్మం శుభ్రంచేసి రోజూ మారిస్తేనే నాయిస్ తగ్గుతుంది, దీనికి కోడ్ అక్కర్లేదు.

కోడ్ చేయగలిగే గొప్ప పని సిగ్నళ్లను ఒకదానితో ఒకటి సరిచూడటం. ఈసీజీ గీత చదునైపోయింది, 'గుండె ఆగింది' అని మోగబోతోంది. కానీ అదే క్షణంలో ధమని పీడనం వేవ్‌ఫాం లయ తప్పకుండా లేచి పడుతోంది. అంటే గుండె కొట్టుకుంటోంది, ఊడింది ఎలక్ట్రోడ్. ఈ ఆలోచనతోనే, పరిశోధకులకు ఇలాంటి సిగ్నళ్ల డేటా అందించే వెబ్‌సైట్ ఫిజియోనెట్ 2015లో ఒక పోటీ పెట్టింది. గుండె ఆగడం, విపరీతంగా మందగించడం, విపరీతంగా వేగం పెరగడం, వెంట్రిక్యులర్ టాకికార్డియా (గుండె కింది గదుల్లో పుట్టే అతివేగం), వెంట్రిక్యులర్ ఫ్లట్టర్ లేదా ఫిబ్రిలేషన్ (ఆ గదులు సరిగ్గా కొట్టుకోకుండా అదరడం, వణకడం) అనే ఐదు ప్రాణాంతక అలారాల్లో ఏవి నిజమో ప్రోగ్రాం తేల్చాలి. మార్కులు వేసిన తీరు చూడండి: నిజమైన అలారాన్ని నొక్కేస్తే పడే శిక్ష, తప్పుడు అలారాన్ని వదిలేస్తే పడేదానికి ఐదు రెట్లు. ఇలాంటి అల్గారిథం రాసే ప్రతి టీమూ ఈ శిక్ష ఎన్ని రెట్లు ఉండాలో ముందే కూర్చుని, వైద్యులతో మాట్లాడి, కాగితం మీద పెట్టుకోవాలి. ఫలితాలు చూశాక పెట్టుకుంటే అది మనకు అనుకూలంగానే వస్తుంది.

పేషెంట్ పరిస్థితి విషమిస్తుందని కంప్యూటర్ ముందే చెప్పగలదా?

కొంతవరకు. దీనికి పెద్ద మెషీన్ లెర్నింగే కావాలని లేదు. బ్రిటన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2012లో తెచ్చి 2017లో సవరించిన న్యూస్ (నేషనల్ ఎర్లీ వార్నింగ్ స్కోర్) అనే స్కోరు ఏడు విషయాలతో సరిపెడుతుంది: శ్వాస రేటు, ఆక్సిజన్ శాతం, అదనంగా ఆక్సిజన్ ఇస్తున్నారా, పై బీపీ, నాడి, స్పృహ, శరీర ఉష్ణోగ్రత. శ్వాస రేటు 25 లేదా ఆపైన ఉంటే ఒక్కదానికే 3 పాయింట్లు. మొత్తం 7 లేదా ఆపైన ఉంటే అత్యవసర టీమ్ రావాలి. కాగితం మీద కూడికలతో అయిపోయే ఈ స్కోరును మీ కొత్త మోడల్ ఎంత తేడాతో దాటుతోందో చూపించకపోతే ఆ మోడల్ ఎందుకో అర్థం కాదు.

సెప్సిస్‌ను (ఇన్ఫెక్షన్‌కు శరీరం అదుపుతప్పి స్పందించి అవయవాలు దెబ్బతినే స్థితి) ముందే పసిగడుతుందని అమెరికాలో వందల ఆస్పత్రులు వాడిన ఒక మోడల్‌ను మిషిగన్ పరిశోధకులు బయటి నుంచి పరీక్షించి 2021లో ఫలితాలు ప్రచురించారు. సెప్సిస్ వచ్చినవాళ్లలో 67 శాతం మందిని అది గుర్తించలేదు, అయినా ఆస్పత్రిలో చేరినవాళ్లలో 18 శాతం మందికి హెచ్చరికలు ఇచ్చింది. ఎక్కడో తయారైన మోడల్‌ను మీ ఆస్పత్రిలో పెట్టే ముందు మీ పాత రికార్డుల మీద నడిపి చూడటం ఎందుకు తప్పనిసరో దీన్నిబట్టే తెలుస్తుంది.

ఇంకో చిన్న లెక్క. 10,000 మందిలో 100 మందికి జబ్బు ఉంది. మీ మోడల్ జబ్బు ఉన్నవాళ్లలో 95 శాతం మందిని పట్టుకుంటుంది, లేనివాళ్లలో 95 శాతం మందిని సరిగ్గా వదిలేస్తుంది. వినడానికి బ్రహ్మాండం. ఇప్పుడు అలారాలు లెక్కపెట్టండి: జబ్బు ఉన్నవాళ్ల నుంచి 95, లేని 9,900 మంది నుంచి 495. మొత్తం 590లో నిజమైనవి 95, అంటే 16 శాతం. అలారం వచ్చిన ఆరుగురిలో ఒక్కరికే జబ్బు. అరుదైన జబ్బుల మీద పనిచేసేవాళ్లు ఈ లెక్క వేసుకోకుండా ఏ మోడల్ గురించీ మాట్లాడకూడదు.

నా మోడల్ 99 శాతం కరెక్ట్‌గా చెబుతోంది. ఇంకేం కావాలి?

ముందు టెస్ట్ డేటా ఎలా విడదీశారో చూడండి. గుండె లయ తప్పడం మీద పరిశోధనకు వాడే ఈసీజీ రికార్డుల సంకలనం ఎమ్‌ఐటీ-బీఐహెచ్ అరిథ్మియా డేటాబేస్ 1980 నుంచి అందుబాటులో ఉంది. 47 మందికి చెందిన 48 అరగంట రికార్డులు, లక్షకు పైగా స్పందనలు, ఒక్కోదానికి నిపుణుల గుర్తు. స్పందనలన్నీ ఒక సంచిలో వేసి కలిపి, యాదృచ్ఛికంగా 80 శాతం ట్రెయినింగ్‌కు, 20 శాతం టెస్ట్‌కు తీస్తే ఒకే మనిషి స్పందనలు రెండు వైపులా ఉంటాయి. మోడల్ ఆ మనిషి ఈసీజీ ఆకారాన్ని బట్టీ పట్టేస్తుంది. కొత్త మనిషి వస్తే 99 కాస్తా పడిపోతుంది. పేస్‌మేకర్ ఉన్న 4 రికార్డులు పక్కనపెట్టి, మిగతా 44ను 22, 22గా మనుషుల వారీగా విడదీయడం ఈ డేటాబేస్‌కు స్థిరపడిన పద్ధతి. మార్కులు తగ్గుతాయి, కానీ అవి మీ నిజమైన మార్కులు. ఇంకోటి, అందులో మామూలు కోవకు చెందిన స్పందనలే 90 శాతానికి దగ్గరగా ఉంటాయి. కళ్లు మూసుకుని 'అన్నీ మామూలే' అన్నా 90 వస్తుంది. ఒక్కో రకం స్పందనకు విడివిడిగా ఫలితం చూపించండి.

కోవిడ్ సమయంలో ఛాతీ ఎక్స్‌రేలు, సీటీ స్కాన్లతో జబ్బును గుర్తించే మోడళ్లు కుప్పలుగా వచ్చాయి. నాణ్యత వడపోత దాటిన 62 అధ్యయనాలను 2021లో ఒక సమీక్ష వివరంగా చూసి, వైద్యంలో వాడదగ్గది ఒక్కటీ లేదని తేల్చింది. కొన్నిట్లో 'కోవిడ్ లేనివాళ్ల' చిత్రాలు పిల్లల ఎక్స్‌రేలు. మోడల్ నేర్చుకున్నది పెద్దా చిన్నా తేడా కావచ్చు.

డేటాలో ఖాళీలు ఉంటే సగటుతో నింపేయొచ్చా?

ఆస్పత్రి డేటాలో ఖాళీ కూడా ఒక సమాచారమే. లాక్టేట్ పరీక్ష అందరికీ చేయరు, డాక్టర్‌కు అనుమానం వస్తేనే రాస్తారు. బాస్టన్‌లోని రెండు ఆస్పత్రుల రికార్డులతో 2018లో వచ్చిన అధ్యయనంలో చాలా పరీక్షల విషయంలో, ఫలితం ఎంత వచ్చిందన్న దానికంటే పరీక్ష ఏ సమయంలో రాశారన్నదే పేషెంట్ బతుకుతాడా లేదా అన్నది మెరుగ్గా చెప్పింది. తెల్లవారుజామున మూడు గంటలకు రక్తపరీక్ష రాశారంటే ఏదో టెన్షన్ పడే కారణం ఉంది. సగటుతో నింపితే ఆ సంగతి చెరిగిపోతుంది. నింపినా, 'ఇది నింపింది' అని చెప్పే కాలమ్ పక్కన ఉంచండి.

సమయాల నమోదులో ఏం జాగ్రత్త పడాలి?

ఒక ల్యాబ్ ఫలితానికి కనీసం మూడు సమయాలుంటాయి: పరీక్ష రాసింది, రక్తం తీసింది, ఫలితం వచ్చింది. మోడల్‌కు రక్తం తీసిన సమయం ఇస్తే, ఇంకా రాని ఫలితం దానికి ముందే తెలిసిపోతుంది. కాగితం మీద అద్భుతంగా పనిచేసి, వార్డులో విఫలమయ్యే మోడళ్ల వెనక తరచూ ఇదే ఉంటుంది. మానిటర్ గడియారం, ల్యాబ్ గడియారం కలవకపోవడం ఇంకో తలనొప్పి. అన్నిటినీ నెట్‌వర్క్ సమయానికి కలపాలి. పాత డేటాలో ఆ వీలు లేకపోతే, రెండు చోట్లా నమోదైన ఒకే సంఘటనను పట్టుకుని తేడా ఎంతో తేల్చుకోవాలి.

ఎక్సెల్ వాడొచ్చా?

చూడటానికి వాడండి, డేటా దాచడానికి వద్దు. జన్యువుల పేర్లలో సెప్ట్2, మార్చ్1 లాంటివి ఉండేవి. ఎక్సెల్ వాటిని సెప్టెంబర్ 2, మార్చి 1 అనుకుని తేదీలుగా మార్చేసేది. ఎక్సెల్ జన్యు పట్టికలు జతచేసిన వ్యాసాల్లో దాదాపు ఐదో వంతులో ఈ తప్పు ఉందని 2016లో తేలింది. చివరికి 2020లో జన్యువుల పేర్లే మార్చారు. సాఫ్ట్‌వేర్ అలవాటుకు శాస్త్రం పేర్లు మార్చుకోవాల్సి వచ్చిందంటే సమస్య ఎంత లోతుకు పాకిందో ఊహించుకోండి. అదే ఏడాది ఇంగ్లండ్‌లో పాత ఎక్సెల్ ఫార్మాట్ 65,536 వరుసల దగ్గర ఆగిపోవడంతో 15,841 కోవిడ్ కేసులు సమయానికి లెక్కలోకి రాలేదు. వాళ్ల సన్నిహితులను వెతికి హెచ్చరించడమూ ఆలస్యమైంది.

ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలి?

పైథాన్ లేదా ఆర్, ఏదో ఒకటి బాగా. సిగ్నళ్లకు డబ్ల్యూఎఫ్‌డీబీ, న్యూరోకిట్. మెదడు తరంగాలకు ఎమ్‌ఎన్‌ఈ. సూక్ష్మదర్శిని చిత్రాలకు ఇమేజ్‌జే, స్కాన్లకు త్రీడీ స్లైసర్, జన్యు విశ్లేషణకు బయోకండక్టర్. ఇవన్నీ ఉచితం. ఆస్పత్రి వ్యవస్థలతో మాట్లాడాలంటే హెచ్‌ఎల్7, ఫైర్ ప్రమాణాలు, చిత్రాలైతే డైకామ్ తెలియాలి. వీటన్నిటికంటే ముందు, కోడ్‌లో చేసిన ప్రతి మార్పునూ దాచిపెట్టే గిట్ నేర్చుకోండి. ఆరు నెలల తర్వాత రివ్యూయర్ అడిగినప్పుడు ఏ కోడ్‌తో ఏ గ్రాఫ్ వచ్చిందో చెప్పగలగాలి.

పేర్లు తీసేస్తే డేటా పంచుకోవచ్చా?

చాలదు. పుట్టినతేదీ, లింగం, పిన్‌కోడ్ లాంటి ప్రాంత సంఖ్య కలిస్తే చాలామందిని వేరుచేసి గుర్తుపట్టొచ్చని లటాన్యా స్వీనీ 1990లలోనే చూపించారు. మసాచుసెట్స్ గవర్నర్ వైద్య రికార్డులను ఓటర్ల జాబితాతో కలిపి గుర్తించారు. అందుకే మిమిక్ లాంటి ఐసీయూ డేటాబేసుల్లో ఒక్కో పేషెంట్ తేదీలన్నిటినీ ఒకే పరిమాణంలో భవిష్యత్తులోకి జరుపుతారు, దాంతో రోజుల మధ్య ఎడం చెడదు. 89 దాటినవాళ్ల వయసు మిమిక్-3లో 300 చిల్లరగా కనిపిస్తుంది. సగటు వయసు లెక్కేసే ముందు ఇది చూసుకోండి.

వైద్య పరికరాల సాఫ్ట్‌వేర్‌కు ఇన్ని నియమాలెందుకు?

థెరాక్-25 వల్ల అని ఒక్క మాటలో చెప్పొచ్చు. ఇది కేన్సర్‌కు రేడియేషన్ ఇచ్చే యంత్రం. 1985 నుంచి 1987 వరకు అమెరికా, కెనడాల్లో ఆరుగురికి దారుణమైన అధిక మోతాదు ఇచ్చింది, అందులో మరణాలూ ఉన్నాయి. పాత మోడళ్లలో ఉన్న హార్డ్‌వేర్ రక్షణలు తీసేసి సాఫ్ట్‌వేర్ మీదే భారం వేశారు. చేయి తిరిగిన ఆపరేటర్ ఎంట్రీలో తప్పు చూసి 8 సెకన్లలోపు దిద్దితే, తెర మీద కొత్త విలువ ఉండేది, లోపల అమరిక పాతదానికే ఉండేది. నిదానంగా టైప్ చేసి పరీక్షించినవాళ్లకు ఆ లోపం దొరకలేదు. పైగా తెర మీద వచ్చిన సందేశం 'మాల్‌ఫంక్షన్ 54', అంతే. దాని అర్థం ఆపరేటర్‌కు ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు ఐఈసీ 62304 ప్రమాణం సాఫ్ట్‌వేర్‌ను దాని వల్ల కలగగల హాని ప్రకారం ఏ, బీ, సీ అని మూడు తరగతులు చేస్తుంది. సీ అంటే ప్రాణం పోవచ్చు లేదా తీవ్ర గాయం కావచ్చు. తరగతి పెరిగేకొద్దీ రాతకోతలు, పరీక్షలు పెరుగుతాయి. పని మీద విసుగొచ్చినప్పుడు ఆ 8 సెకన్ల కథ మళ్లీ చదవండి.

స్మార్ట్‌వాచ్ డేటాను నమ్మొచ్చా?

లయ మీద అనుమానం రేపడానికి పనికొస్తుంది, నిర్ధారణకు కాదు. 2019లో ప్రచురించిన యాపిల్ హార్ట్ స్టడీలో 4,19,297 మంది పాల్గొంటే 0.52 శాతం మందికి లయ తప్పుతోందని సందేశం వచ్చింది. ఆ తర్వాత ఈసీజీ ప్యాచ్ పెట్టుకుని తిరిగి పంపినవాళ్లలో 34 శాతం మందికి ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (గుండె పై గదులు లయ తప్పి వణకడం) కనిపించింది. ఈ జబ్బు వచ్చి పోతూ ఉంటుంది కాబట్టి మిగతావన్నీ తప్పుడు సందేశాలని కూడా అనలేం.

సొంతంగా మొదలుపెట్టాలంటే ఎక్కడి నుంచి?

ఫిజియోనెట్ నుంచి ఎమ్‌ఐటీ-బీఐహెచ్ రికార్డు 100 దించుకోండి. 360 హెర్ట్జ్, రెండు లీడ్లు. మొదటి నిమిషాన్ని తెర మీద సాగదీసి, స్పందనలను మీరే కంటితో చూసి గుర్తు పెట్టండి. తర్వాత పైన చెప్పిన పాన్-టాంప్‌కిన్స్ పద్ధతి రాసి, మీ గుర్తులతోనూ నిపుణుల గుర్తులతోనూ పోల్చండి. అరగంట మొత్తంలో 2,273 స్పందనలుండాలి, అందులో 33 ముందుగా వచ్చే ఏట్రియల్ స్పందనలు, ఒకటి వెంట్రిక్యులర్. ఈ రికార్డు శుభ్రంగా ఉంటుంది, మీ ప్రోగ్రాం బాగానే గట్టెక్కుతుంది. అప్పుడు అదే కోడ్‌ను ఒక్క అక్షరం మార్చకుండా రికార్డు 108 మీద నడపండి. అందులో నాయిస్ ఎక్కువ, పీ వేవ్‌లు (క్యూఆర్‌ఎస్‌కు ముందు వచ్చే చిన్న అలలు) మామూలు కంటే ఎత్తుగా మొనదేలి ఉంటాయి. ప్రోగ్రాం తప్పిన ప్రతి చోటా ఆగి, గీత చూసి, ఎందుకు తప్పిందో ఒక వాక్యం రాసుకోండి. ఏ హద్దునైనా మార్చేది ఆ వాక్యాలన్నీ రాశాకే.